ప్లగ్గు గుంతలో చీమలు

2023 నవంబరు, కార్తీక మాసం. పలాసలో కాశీబుగ్గ దాటాక రోడ్డు పక్కనే నా షెడ్డు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా కార్లు బాగుచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే బళ్లలో సగం జీడిపప్పు వ్యాపారులవి, మిగతా సగం సముద్రం వైపున్న ఉద్దానం పల్లెలవి. ఉద్దానం కారును నంబరు ప్లేటు చూడకుండానే పోల్చుకోగలను. సముద్రపు గాలికి అడుగున తుప్పు, డిక్కీలో కొబ్బరి పీచు, చాలా బళ్లలో వెనక సీటు మీద ఒక తలగడ ఉంటాయి. తలగడ ఎందుకో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పట్నం రావాలి, నాలుగు గంటలు మిషను మీద పడుకోవాలి, మళ్లీ నీరసంగా ఇంటికి పోవాలి.

లోకనాథం కారులోనూ తలగడ ఉంది. ఆయనది వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. కొబ్బరి తోట, కాస్త జీడి తోట ఉన్న రైతు. భార్య దమయంతికి రెండేళ్లుగా డయాలసిస్. ఆటోవాడు ఒకరోజు వచ్చి ఒకరోజు రాక ఏడిపిస్తున్నాడని, యాభై దాటాక డ్రైవింగు నేర్చుకుని సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు కొన్నాడు. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే ఆమెను ఆసుపత్రిలో దింపి, అప్పుడప్పుడు నా షెడ్డుకు వచ్చి కూర్చునేవాడు. నేను ఆయన్ని అన్నయ్యా అంటాను, ఆయన నన్ను మేస్త్రీ అంటాడు.

ఒక శనివారం ఆమె మిషను మీద ఉన్న ఆ నాలుగు గంటల్లోనే ఆయన కారుకి స్పార్క్ ప్లగ్గులు మార్చాను. పెట్రోలు, గాలి కలిసిన ఆవిరిని నిప్పురవ్వతో అంటించేది ఈ ప్లగ్గే. సిలిండరుకి ఒకటి చొప్పున నాలుగుంటాయి. ప్లగ్గు ఇంజను నెత్తిన సన్నటి లోతైన గుంతలో కూర్చుంటుంది. దాని మీద ఇగ్నిషన్ కాయిల్ ఉంటుంది, వేల వోల్టుల కరెంటు పుట్టించేది అది. ఆ కరెంటును ప్లగ్గు దాకా దింపే పొడుగాటి రబ్బరు గొట్టాన్ని మేము బూట్ అంటాం. పాత ప్లగ్గులు అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి వేశాక ఇంజను ఆన్‌లో ఉందో లేదో చెవి పెట్టి వినాల్సినంత మెత్తగా నడిచింది. రెండో కాయిల్ పైన గుంతను మూసే రబ్బరు కాస్త చీలి ఉండటం చూశాను. పర్వాలేదులే, ఇంకోసారి చూద్దాం అనుకున్నాను. ఈ "పర్వాలేదులే" అన్న మాట నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో రాస్తే పుస్తకమవుతుంది.

దమయంతి వెనక సీట్లో కూర్చుని, "ఇంజను సప్పుడే లేదేటి బాబూ! నాకు కునుకొచ్చేత్తంది," అంది. ఆ మాటకి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మంగళవారం పొద్దున్న ఏడు కాకముందే లోకనాథం ఫోను.

"మేస్త్రీ, కారు ఎగిరెగిరి పడతంది. ఇంజను లైటు ఎలిగి ఆరతంది. ఊరి బయటే ఆగిపోనాది. మీ వదిన్ని ఆటో ఎక్కించి అంపినాను."

శనివారం నుంచి మంగళవారం దాకా మధ్యలో రెండు రోజుల ఎడం. ఒంట్లో నీరు చేరి, మంగళవారం పొద్దుటికి ఆమెకు ఆయాసం వస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ రోజు ఆమె గంట ఆలస్యంగా చేరింది. ఆమె తర్వాత ఇంకొకరికి టైము ఇచ్చి ఉంటారు కదా, నాలుగు గంటల పని మూడు గంటలకే ముగించాల్సి వచ్చింది.

లోకనాథం కారును ఈడ్పించుకుని నా షెడ్డుకు వచ్చాడు. మెత్తని మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ రోజు పెంచాడు.

"పాత ప్లగ్గులతో ఏడాదిపైన నడిసింది గదా. నువ్వు కొత్తవేసిన మూడో రోజుకే ఇలాగైనాది. ఏటేసినావు అందులో?"

నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగా మండకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటాం. నలుగురు మోసే పల్లకిలో ఒకడు కాలు ఈడుస్తుంటే ఎలా ఉంటుందో, బండి అలా కుదుపుతుంది. స్కానర్ పెడితే రెండో సిలిండరు అని చూపించింది. అడగాల్సినవి అడిగాను.

"కారు కడిగించినావా అన్నయ్యా?"

"లేదు."

"వానలో తడిసినాదా? ఎక్కడైనా నీళ్లలోకి దింపినావా?"

"వానెక్కడిది? నీళ్లెక్కడివి? సెప్తన్నాను గదా, ఏటీ లేదు."

నా మనసు అప్పటికే ఒక చోటికి చేరిపోయింది. ప్లగ్గు డూప్లికేట్. ఈ మధ్య అసలు పెట్టెను మించిన పెట్టెలో నకిలీ సరుకు వస్తోంది. రెండో కాయిల్ పీకాను. బూట్ చివర ఏదో జిడ్డుగా తగిలింది. ఇంజన్ల దగ్గర జిడ్డు తగలడం వింతేం కాదు. భుజం మీది గుడ్డతో తుడిచేసి పక్కన పెట్టాను. ప్లగ్గు విప్పి, పట్టుకుని, తిన్నగా నాలుగు అడుగుల అవతల ఉన్న శంకరరావు స్పేర్ పార్టుల షాపుకి వెళ్లాను, ప్లగ్గులు కొన్నది అక్కడే. శంకరరావు నాకు పదిహేనేళ్ల స్నేహితుడు, ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. షాపులో ఆరేడుగురు కొనుగోలుదార్లు ఉన్నారు.

"ఇలాంటి సరుకు అమ్మితే మనుషుల పేణాలు పోతాయి బావా," అని అందరి ముందూ అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను.

శంకరరావు ముఖం మాడిపోయింది. కొత్త ప్లగ్గు ఒకటి పెట్టె చింపకుండా తీసి బల్ల మీద పెట్టాడు. "తీసికెల్లు. రూపాయి వొద్దు. మల్లీ నా షాపు మెట్టెక్కకు," అన్నాడు.

ఆ ప్లగ్గు వేశాను. ఇంజను సుబ్బరంగా నడిచింది. చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు లోకనాథం వైపు చూశాను.

గురువారం పొద్దున్న అదే కారు అదే కుదుపుతో వచ్చి నా షెడ్డు ముందు ఆగింది. ఈసారి దమయంతి వెనక సీట్లోనే ఉంది, తలగడ ఒళ్లో పెట్టుకుని. పాదాలు పొంగి ఉన్నాయి. కోప్పడలేదు. "సూడు బాబూ, పాపం దీనికీ ఆయాసమొచ్చినట్టుంది," అంది.

సిగ్గేసింది. ఇంకేం మాట్లాడకుండా నా కారు తీసి ఇద్దరినీ ఆసుపత్రి దగ్గర దింపాను. "ఈ బండి బాగయ్యేదాకా నీకు పొద్దున్నే కారు మీ గుమ్మంలో ఉంటాది వదినా," అని మాటిచ్చాను. తిరిగి వచ్చి, ఆ పూట వచ్చిన మిగతా బళ్లను రేపు రమ్మని పంపేసి, స్టూలు వేసుకుని ఆ ఇంజను ముందు కూర్చున్నాను.

ఈసారి పనిముట్టు ముట్టుకోకముందు ఆలోచించాను. మంగళవారం పొద్దున్న కుదిపింది, ఎండెక్కాక బాగుంది. బుధవారం మధ్యాహ్నం తోట దాకా వెళ్లొచ్చినప్పుడు ఏమీ అనలేదట. గురువారం పొద్దున్న మళ్లీ కుదిపింది. అంటే మంచు పడి చెమ్మ ఉన్నప్పుడే దీనికి రోగం, వేడెక్కి ఆరితే ఆరోగ్యం. ప్లగ్గు చెడితే పొద్దున, మధ్యాహ్నం తేడా ఉండదు. ఎక్కడో చెమ్మ పీల్చేదేదో ఉంది.

కాయిల్ మెల్లగా పైకి తీశాను. చేతిలోకి గుడ్డ రాబోయింది, అలవాటు కదా. గుడ్డను దూరంగా విసిరేశాను. టార్చి వేసి గుంతలోకి చూశాను. గోడకి గోధుమ రంగులో బెల్లం పాకం ఎండినట్టు ఒక చార ఉంది. అడుగున ఒక పీచు పోగు. దాని పక్కన నాలుగు చీమలు, చచ్చిపోయి.

చాలాసేపు ఆ చీమలనే చూస్తూ ఉండిపోయాను. పెట్రోలుకి చీమ రాదు, ఇంజన్ ఆయిలుకి రాదు, బ్యాటరీ యాసిడ్‌కి అసలే రాదు. చీమ వచ్చిందంటే తీపి ఉన్నట్టే. ఇంజను నెత్తిన తీపి ఎక్కడిది? బూట్ లోపల చూస్తే నల్లగా వెంట్రుకంత గీత, కరెంటు ప్లగ్గు కొసకి పోకుండా పక్కదారి పట్టి ఇనుములోకి దూకిన గుర్తు. మంగళవారం నా గుడ్డ తుడిచేసింది ఈ జిడ్డునే. చెయ్యి చూసింది గానీ కన్ను చూడలేదు.

మధ్యాహ్నం ఇద్దర్నీ ఆసుపత్రి నుంచి షెడ్డుకే తీసుకొచ్చాను. దమయంతి చేతికి అంటించిన దూదిని అదిమి పట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఈసారి ఇద్దర్నీ కలిపి అడిగాను.

"కారేటైనాదని అడగను. శనివారం ఇక్కడ్నుంచి ఎల్లినాక మీరేటి సేసినారు, ఎక్కడికెల్లినారు, అదొక్కటీ సెప్పండి."

లోకనాథం ఆలోచిస్తున్నాడు. దమయంతే చెప్పింది. "సోమారం రావివలస ఎల్లినాం. కార్తీక సోమారం గదా. మల్లన్నకి కాయ కొట్టినాం. అక్కడ సామికి కప్పుండదు, ఎండలోనే ఉంటాడు గదా, నీలు పోత్తే సల్లబడతాడని అంతా పోత్తారు. నానూ పోసినాను. ఆ తరవాత మన కారుకీ కొట్టినాం."

"కారుకి ఎక్కడ కొట్టినారు? టైరు కిందా?"

"టైరు కిందేటి? నువ్వు బాగుసేసింది లోపలి సామానాయె. బోనెట్టు ఎత్తించినాను. మూడు కాయలు కొట్టి, నీలు ఆ ఇంజను మీద పోసి, బొట్టెట్టి దండమెట్టుకున్నాను. దీని సలవే గదా నానింకా తిరుగుతన్నానూ, అని."

నేను లోకనాథం వైపు తిరిగాను. "నీళ్లు పడినాయా అని రెండుసార్లు అడిగినాను గదా అన్నయ్యా!"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది పూజ గదా మేస్త్రీ! నీళ్లు పొయ్యడమేటి?"

ఆయన అబద్ధమాడలేదు. నేను అడిగిన ప్రశ్నకి ఆయన లోకంలో 'లేదు' అన్నదే సరైన జవాబు. కారు కడగడం ఒకటి, వానలో తడపడం ఒకటి. దేవుడి దగ్గర కాయ కొట్టడం ఆ లెక్కలోకే రాదు. కొబ్బరి కాయలు కొనుక్కునే ఊరివాడైతే ఒకటి కొట్టి ఊరుకునేవాడు. సొంత తోట ఉన్నవాళ్లు గనక మూడు కొట్టారు. నేను వదిలేసిన చీలిన రబ్బరు ఆ నీళ్లకి దారి చూపించింది.

ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. కొబ్బరి నీళ్లలో ఉప్పులుంటాయి. అవి ఎండి, మళ్లీ మంచుకి చెమ్మగిల్లితే కరెంటుకి అడ్డదారి దొరుకుతుంది. ప్లగ్గుకి అందాల్సింది అందక ఇంజను కుదుపుతుంది.

దమయంతి నవ్వడం మొదలుపెట్టింది. దూది పట్టుకున్న చెయ్యి కూడా ఊగేంతగా నవ్వింది.

"డాక్టరు బాబు కూడా నాకు ఇదే మాట సెప్పినాడు. కొబ్బరి నీలల్లో ఏదో ఉప్పుంటాదట, నా కిడ్నీలు దాన్ని తియ్యలేవట, తాగితే గుండె ఆగిపోద్దన్నాడు. ఇంటి సుట్టూ సెట్లే, రెండేల్లుగా సుక్క ముట్టలేదు. నానెలాగూ తాగలేను, దీనికైనా పోద్దామనుకున్నాను బాబూ. దీనికీ నాలాగే పడవన్నమాట!"

లోకనాథం నవ్వబోయి మొహం అటు తిప్పుకున్నాడు. నా పని మెచ్చుకుని ఆమె పెట్టిన దండమే ఆ ఇంజనుకి చుట్టుకుంది. ఇలాంటి రిపేరుకి ఎవరి మీద కోప్పడతాం?

నాలుగు గుంతలూ శుభ్రం చేసి, ప్లగ్గులు స్పిరిటుతో కడిగి, రెండో కాయిల్‌కి కొత్త బూట్, కొత్త రబ్బరు వేశాను. శనివారం పొద్దున్న మంచులో నేనే వాళ్ల ఊరికి వెళ్లి, ఆ కారు ముందు, నా కారు వెనక, పలాస దాకా వచ్చాను. ఒక్క కుదుపు లేదు. ఆమె టైముకి ముందే చేరింది.

అక్కడి నుంచి తిన్నగా శంకరరావు షాపుకి వెళ్లాను. మెట్టెక్కవద్దన్నాడు కాబట్టి కిందే నిలబడ్డాను. కొనుగోలుదార్లు నలుగురు చేరేదాకా ఆగాను, అందరి ముందూ అన్న మాట చాటుగా వెనక్కి తీసుకుంటే చెల్లదు. "నీ ప్లగ్గు మంచిదే బావా. చూపు లేనిది నాకే. ఆడలేక మద్దెల ఓడన్నాను," అన్నాను.

"ఎవులు సెప్పినారు నీకీ సంగతి?" అన్నాడు, ఇంకా ముఖం ముడుచుకునే.

"చీమలు."

కథంతా విన్నాడు. చివరికి, "మెట్టెక్కు. నీకంటే ఆ సీమలు నయం, వాటికి ఇంజనీరింగ్ సీటివ్వాల," అన్నాడు. ఆ రోజు టీ నేను ఇప్పించాను.

ఆ తర్వాత నా పని తీరు కొంచెం మారింది. ఏ బండి వచ్చినా బోనెట్టు ఎత్తేముందు "నిన్నా మొన్నా ఏం చేశారు?" అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా వింటాను. డ్రైవరునే కాదు, వెనక సీట్లో కూర్చునే మనిషిని కూడా అడుగుతాను. గుడ్డ ఇప్పుడు భుజం మీద ఉండదు, గోడ మేకుకి వేలాడుతుంది. లేచి వెళ్లి తెచ్చుకునే లోపల కన్ను తన పని చేసుకుంటుంది. ప్లగ్గులు మార్చిన ప్రతి బండివాళ్లకీ ఒక మాట చెప్పి పంపుతాను: కాయ టైరు కింద కొట్టండి, బోనెట్టు ఎత్తకండి.

మరుసటి కార్తీకంలో లోకనాథం కారు మళ్లీ సర్వీసుకి వచ్చింది. పని అయ్యాక దమయంతి దిగి, నెమ్మదిగా వంగి, టైరు ముందు రాయి మీద కాయ కొట్టింది. నీళ్లు ఒలికిపోకుండా గ్లాసులోకి వంచింది. ఆ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది.

"ఇంజనుకీ పడవు, నాకూ పడవు. నీకు పడతాయి గదా బాబూ, నువ్వు తాగు."

తాగాను. చివరి చుక్క దాకా ఆమె నా వైపే చూస్తూ నిలబడింది.

"తియ్యగున్నాయా?"

"శానా తియ్యగున్నాయి వదినా."

"మా నూతి గట్టు సెట్టుది," అంది. వెళ్లి వెనక సీట్లో తలగడ సర్దుకుని కూర్చుంది.