అరుగుదల మందు

కాశీబుగ్గలో మందుల షాపులో పనిచేసిన రోజుల్లో మా ఊరికి నేనే సగం డాక్టర్ని. కంచిలి దగ్గర మా పల్లె నుంచి ఎవరు బజారుకొచ్చినా కౌంటర్ దగ్గర నిలబడి నొప్పి చెప్పేవాళ్లు. నేను మాత్ర చేతిలో పెట్టేవాణ్ని. చదివింది డిగ్రీ రెండో సంవత్సరం దాకానే, గర్వం మాత్రం పెద్ద డాక్టరుది.

జీడిమామిళ్లు పూతకొచ్చిన వేళ నాన్న కూడా అలాగే వచ్చాడు. "రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోతందిరా. రొమ్ము కింద బరువు," అన్నాడు. తోటలో తిరుగుతూ వేళకు తినని మనిషికి గ్యాస్ కాక ఏముంటుందనుకున్నాను. అరుగుదల టానిక్ ఇచ్చాను. ఆ వారం ఇంటికెళ్లినప్పుడు అమ్మకి కూడా గొప్పగా చెప్పాను, అందులో ఎంజైములుంటాయనీ, తిన్నదాన్ని కరిగించేస్తాయనీ.

ఆ సీసా అయిపోయాక ఇంకోటి. దొడ్డికి నల్లగా వస్తోందని ఓసారి, పంచె నడుముకి నిలవడం లేదని మరోసారి షాపుకొచ్చి చెప్పాడు. నేను మోతాదు పెంచాను. పూత పిందై, గింజలు ఏరడం అయిపోయి, వానలు పడ్డాక గానీ విశాఖ తీసుకెళ్లలేదు.

అక్కడి సర్జన్ చీటీ వెనక నాలుగు గీతలు గీశాడు. అవి కడుపు గోడ పొరలట. క్యాన్సర్ గడ్డ కొన్ని ఎంజైములు తయారు చేస్తుందనీ, అవి పొరల్ని కరిగించి దారి చేస్తాయనీ, ఆ దారిన కణాలు రక్తంలో కలిసి లివర్‌కి పోతాయనీ చెప్పాడు. పక్కనున్న మంచి కణాల చేత కూడా ఆ ఎంజైముల్ని చేయించుకుంటుందట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అలా ఉంది వ్యవహారం. నాన్నకి లివర్ దాకా పోయింది, ఆపరేషన్ చేసి లాభం లేదన్నాడు.

తిరుగు రైల్లో నాన్న ఎదుటి బెర్తు మీద నిద్రపోయాక, డాక్టరేమన్నాడని అమ్మ అడిగింది. సులువుగా చెప్పడం చేతకాక సర్జన్ మాటలే అప్పజెప్పాను.

"అన్నం కరిగించే మందు కడుపుని కరిగించదేటి? ఆ మందులోనూ అయ్యే ఎంజైములున్నాయని నువ్వే సెప్పినావు గదా," అంది అమ్మ.

ఆ ఎంజైములు వేరు, ఇవి వేరు. టానిక్‌లోవి అన్నం మీద పనిచేస్తాయి, క్యాన్సర్‌ని పాకించవు. అది నిజమే. కానీ ఆ ముక్క అంటే, మరి ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతుంది. మందు ఏ తప్పూ చేయలేదు, నేను చేశాను. చేయని నేరం కాదనాలంటే చేసింది ఒప్పుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పలాస వచ్చేదాకా నోరు విప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అమ్మ సీసాలు పెరట్లో ఒంపేసింది. పలకరించడానికి ఎవరొచ్చినా అదే మాట. "కొడుకిచ్చిన మందే తినీసింది." ఇంటికి రావాలంటే భయం, రాకుండా ఉండాలంటే ఇంకా భయం. షాపులో ఎవరైనా కడుపు నొప్పన్నారంటే, ఆస్పత్రికి పొమ్మని కసురుకునేవాణ్ని.

ఓ మధ్యాహ్నం చిన్నాన్న వచ్చాడు. అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. మంచం మీంచి నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"మందేటీ సెయ్యనేదే. గ్యాసని నేనే అడిగి పట్టుకొచ్చినాను. దొడ్డికి నల్లగా వస్తన్న సంగతి ఆడికి సెప్పనేదు, దాసీసినాను."

అమ్మ నా వైపు తిరిగింది. "నిజమేట్రా?"

నాన్న నన్నే చూస్తున్నాడు. తన మాటనే ఒప్పుకోమని బతిమాలుతున్నట్టు చూశాడు.

"అవునమ్మా," అన్నాను.

ఆ తర్వాత అమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాన్న పోయాక ఆయన్నే తిట్టుకుంటూ బతుకుతోంది. "కన్నకొడుకు మందుల కొట్లో ఉండగా ఒక్క మాట సెప్పనేదు ఆ మనిసి," అని వచ్చినవాళ్లందరితో అంటుంది. నేను పక్కనే కూర్చుని ఉంటాను.