పసుపు కింది ఎరుపు

మా అత్త అరికాలి పుండు ఆ వేసవిలో చల్లబడింది. చీము ఆగింది, వాసన పోయింది. షుగర్ వల్ల ఆ కాలికి స్పర్శ ఎప్పుడో పోయింది కాబట్టి నొప్పి మాటే లేదు. ఈసారి బోనాలకు పాతబస్తీ ఛత్రినాక గుడిలో అమ్మవారికి చెప్పులు లేకుండా బోనం ఎత్తుతానని మొక్కుకుంది.

మేడ మీద గదిలో కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి అద్దెకుండేది. క్రిముల మీద ప్రయోగాలు చేసే ల్యాబులో పని. సెలవు రోజుల్లో మెట్ల మీద కూర్చోబెట్టి, చదువు రాని నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. అత్త పుండు చూడగానే ఆమె గొంతు మారింది.

"నొప్పి లేదని నడవకండి పెద్దమ్మగారూ. క్రిములు కొన్నే ఉన్నప్పుడు ఊరుకుంటాయి. ఏదో రసం వదిలి ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. సరిపడా చేరామని తెలిశాకే అన్నీ కలిసి విషం కక్కుతాయి."

"అంటే మన గల్లీ ఆడోళ్ళ లెక్క నల్లా కాడ ముచ్చట్లు పెడ్తయా?" అంది అత్త.

"ఆ ముచ్చట్లు ఆపడమే మా పని."

వాళ్ళ గాజుపళ్ళెంలో క్రిములు కబురందగానే ఊదారంగుకు తిరిగి పరుచుకుంటాయట. మందు చుక్క వేసిన చోట మాత్రం చుట్టూ తెల్లగా ఉంటుందట. అక్కడివి చావలేదు, కబురందక ఊరుకున్నాయి. అలా ఊరుకున్నవాటిని ఒంట్లోని బలమే తుడిచేస్తుందని వాళ్ళ ఆశ.

"గా మందు నాకింత తెచ్చియ్యరాదు బిడ్డా."

"అది ఇంకా పళ్ళెం దాటలేదండీ. మనుషులకివ్వడానికి ఏళ్ళు పడుతుంది."

"అమ్మోరు గన్నేండ్లు ఆగుతదా?"

బోనాల రోజు నేనే అత్త పాదాలకు చీలమండల దాకా మందంగా పసుపు పట్టించాను. గుడి నుంచి నవ్వుతూ వచ్చింది. మొక్కు పసుపు కడగకూడదు, దానంతటదే పోవాలని మా ఇంటి పట్టింపు. ఎవరమూ కడగలేదు.

మర్నాడు సాయంత్రం మేడమీది అమ్మాయి దిగొచ్చి, తడిగుడ్డతో ఆ పసుపు తుడిచింది. కింద చర్మం ఎర్రగా, బిగిసి మెరుస్తోంది. వాసన తిరిగొచ్చింది.

ఆ రాత్రే ఆసుపత్రిలో డాక్టరు ఎరుపు ఆగినచోట పిక్క మీద పెన్నుతో గీత గీశాడు.

"ఇది దాటితే వెంటనే చెప్పమ్మా. కాలు తియ్యాల్సి రావచ్చు."

సీసాలోంచి మందు చుక్క చుక్కగా దిగుతోంది. నేను గీత మీంచి చూపు తిప్పలేదు. లోపల ఏ కబురు నడుస్తోందో బయటికి ఏ చప్పుడూ లేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళకు ఎరుపు గీతను ఆనుకుంది. ఆ తర్వాత దాటింది.

నర్సును పిలవడానికి లేచాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఏడికి పోతవ్, కూసో బిడ్డా. నొప్పేం లేదు."