గరాటులో దూది

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర నేను లారీ తోలుతున్న రోజులవి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు అమ్మేసిన పెట్రోలు బండి. ఎమ్మిగనూరు నుంచి పత్తి బోరాలు తెచ్చేవాణ్ని. పెట్రోలు పీపాల్లో వచ్చేది, అడుగున తుప్పూ మట్టీ ఉండేవి. తక్కిన డ్రైవర్లు గరాటుకు గుడ్డ కట్టి వడపోసేవాళ్లు. నేను గుప్పెడు దూది కుక్కి పోసేవాణ్ని. ఊరు నిండా దూదే కదా, దానికేం కొదవ? తేటగా దిగే పెట్రోలు చూసి మురిసిపోయేవాణ్ని. గుడ్డ కట్టేవాళ్లను ఎగతాళి కూడా చేశాను. అప్పట్లో నాకు పొగరెక్కువ.

ఒక ఏడు పత్తి తీసే కాలంలో బండికి రోగం పట్టుకుంది. పరుగులో బాగానే ఉండేది. ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. ప్లగ్గులు తీసి గీకాను. పాయింట్లు రుద్దాను. కార్బురేటర్ పైనున్న స్క్రూ బిగించి చూశాను, వదులు చేసి చూశాను. దాన్ని విప్పి లోపల మాత్రం చూడలేదు. నా పెట్రోలులో నలుసు కూడా ఉండదని ధీమా.

నాలుగో రోజు ఎమ్మిగనూరు దాటి వస్తుంటే మా అక్క రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులూపింది. చేలో పత్తి తీస్తున్న బావను పాము కరిచింది. ఆదోనిలో సూది వేస్తే బతుకుతాడని ఎవరో చెప్పారట. ఇద్దరినీ నా పక్కన ఎక్కించుకున్నాను.

దారిలో నీళ్లు పారే వంక ఒకటి ఉంది. దిగుడులో బ్రేకు తొక్కడానికి కాలు తీయగానే ఇంజను ఆగింది, బండి నీళ్ల మధ్యలో నిలిచిపోయింది. దిగి హ్యాండిల్ తిప్పితే అంటుకునేది, నేను సీట్లోకి వచ్చేలోగా మళ్లీ ఆగేది. అక్కను ఆక్సిలరేటర్ తొక్కమన్నాను. పాపం, ఆమెకేం తెలుసు, ఎక్కువ తొక్కేసరికి పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోయాయి. బావకు కనురెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దగా వస్తోంది.

అప్పుడు విప్పాను కార్బురేటర్. కాలు తీసినప్పుడు ఇంజనుకు పెట్రోలు అందించే చిన్న జెట్టును ఎండకెత్తి చూస్తే సూదిబెజ్జమంత రంధ్రంలో వెలుతురు లేదు. సన్నతీగతో లాగితే దూదిపోగు వచ్చింది. గరాటులో నేను కుక్కిన దూదే. నోటితో ఊది బిగించి, ప్లగ్గులు తుడిచి తిప్పాను. ఈసారి ఎవరూ తొక్కకుండానే ఇంజను నిలబడింది.

“ఏం అడ్డం పడిందిరా?” అని అక్క అడిగింది.

“చెత్తక్కా” అన్నాను.

ఆసుపత్రికి చేరేసరికి బావకు ఊపిరి లేదు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే చూసేవాణ్నని డాక్టరు అన్నాడు. అక్క బావ కాలికి గట్టిగా కట్టిన చీరచెంగు ముడి విప్పుతూ కూర్చుంది.

బావ అన్నదమ్ములు నన్ను తిట్టడానికి వచ్చారు. లక్షణంగా తోలుకొచ్చేవాడే లేకపోయాడా అన్నారు. అక్క వాళ్లకు అడ్డం వచ్చింది.

“వాని తప్పేం లేదప్పా. నీళ్లల్లో నిలబడి నోటితో ఊది తీసినాడు. వాడు గాబట్టి ఆడిదాకన్నా తెచ్చినాడు.”

తర్వాత ఎన్నో ఏళ్లు, ఇంటికి ఎవరొచ్చినా ఆమె ఈ మాటే చెప్పింది. చెప్పినప్పుడల్లా నేను తల వంచుకునేవాణ్ని. బావ గుర్తొచ్చి బాధపడుతున్నానని ఆమె నా వీపు నిమిరేది.