నోట్లో ఇనుము లేని గుర్రం

మా నాన్న పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలుకెళ్తాడు. మాధవరం పాల కాలనీ వెనక, మా ఇంటి పక్క రేకుల కొట్టంలో ఉంటుంది మా తెల్ల ఆడగుర్రం. మొన్నటి ఎండాకాలం కళ్లెంలోని ఇనుప కడ్డీ ఒరుసుకుని దాని నాలుక మీద పుండు పడింది. మానేదాకా నోట్లో ఏదీ పెట్టకూడదనీ, అలాగని కట్టేసి ఉంచితే కాళ్లు పట్టేస్తాయి కాబట్టి రోజూ తిప్పాలనీ పశువుల డాక్టరమ్మ చెప్పింది. అంతలోనే నాన్న మేడమెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో గుర్రమెక్కడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అదీ నా పెళ్లికి ముందు మాట.

నాన్న మంచంలో పడుకునే ఉండి, నూలు తాడుతో ముఖతాడు అల్లాడు. ముక్కు మీద ఒక చుట్టు, చెవుల వెనక ఒక చుట్టు, రెండు పక్కలా రెండు పగ్గాలు. అంతే.

"దీంతో ఆగుతుందా నాన్నా?"

"రెండు చేతులా లాగితే ఆగదు మా, ఇంకా బెదిరిపోద్ది. ఒక పక్క తాడు పట్టి తల తిప్పు. తల యాడికి తిరిగితే ఒళ్లూ ఆడికే వస్తాది. భయపడబాక."

ఆ మాట అని, తాను వేసిన ముడులే మళ్లీ మళ్లీ లాగి చూశాడు.

కొన్నాళ్లు మా సందుల్లోనే తిప్పాను. వీపు మీద మడతపెట్టిన కంబళి తప్ప జీను లేదు. దాని ఊపిరి నా తొడలకు తెలిసేది. అది చెవి కదిపినా పగ్గాలు బిగించి పట్టుకునేదాన్ని. ఒకరోజు పొద్దున ధైర్యం చేసి లారీ షెడ్ల పక్క మట్టిరోడ్డు ఎక్కించాను.

వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టింది.

గుర్రం ఒక్కసారిగా కిందికి కుంగి, దౌడు తీసింది. నాన్న చెప్పింది ఒక్క ముక్క గుర్తు రాలేదు. రెండు చేతులా లాగాను. అది తల పైకి విసిరి ఇంకా వేగం పెంచింది. ఎదురుగా పెద్ద రోడ్డు, దాని మీద హార్బరుకు పోయే కంటైనర్ లారీలు. దూకేద్దామని కిందికి చూశాను. కంకర గీతలు గీతలుగా పోతోంది.

తరవాత చేసింది తెలివితో చేసింది కాదు. పడిపోతానని ఎడమ చేయి తాడు వదిలేసి జూలు పట్టుకుంది. బిగుసుకుపోయిన కుడి పిడికిలి మాత్రం విడలేదు. ఆ ఒక్క తాడుకే గుర్రం తల పక్కకు తిరిగింది. రోడ్డు దిగి, తుమ్మచెట్లున్న ఖాళీ ప్లాటులో పడి, చుట్టూ తిరిగి తిరిగి నిలబడిపోయింది. దిగి అక్కడే వాంతి చేసుకున్నాను. అదీ నాలాగే వణుకుతోంది.

నడిపించుకుంటూ ఇంటికొచ్చి నాన్నతో జరిగిందంతా చెప్పాను.

"రేపట్నుంచి ఎక్కబాక మా. చేత్తో పట్టుకొని తిప్పు, చాలు."

బతికాననుకున్నాను. వేసవి పోయేదాకా అలాగే పక్కన నడిచాను. పుండు మానింది. నాన్న చేతికర్రతో కొట్టం దాకా నడవగలిగాక మళ్లీ ఎక్కాను, ఆ ముఖతాడుతోనే. ఆయన ముందు నడుస్తుంటే, సందు చివరి దాకా. భయం మాత్రం దిగలేదు. ఆ భయంతోనే ఎక్కుతున్నాను.