పదిలో ఎనిమిది వంతులు

మా టీచరుగారు పోయిన శనివారం తెల్లవారుజామున నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. రాజమండ్రిలో మా చర్చి క్వయర్ వాట్సాప్ గ్రూపులోకి ఆ కబురు చేరేసరికి, ముందురోజు ఆవిడ పంపిన పాటల పట్టిక ఇంకా దాని పైనే ఉంది. కింద ఆవిడ హెచ్చరిక: "ఆలస్యంగా వచ్చేవాళ్ళు పెదాలు మాత్రమే కదపాలి."

స్కూల్లో లెక్కలు, చర్చిలో పాట, నాకు రెండూ నేర్పింది ఆవిడే. షేర్ల సంగతి మాత్రం నా తెలివితక్కువతనం వల్ల నేర్పాల్సివచ్చింది.

అప్పుడు నేను ల్యాబులో రక్తపరీక్షలు చేసే కొత్త ఉద్యోగిని. మొదటి ఏడాది జీతంలో మిగిల్చిన దాంట్లో సగం, తోటి ఉద్యోగి చెప్పాడని ఒకే కంపెనీ షేర్లలో పెట్టాను. నెల తిరక్కుండా ధర సగానికి పడిపోయింది. ప్రాక్టీసు అయ్యాక ఆవిడకి చెప్పాను.

"మిగిలిన సగమూ పెట్టి ఇంకొన్ని కొంటే సగటు ధర తగ్గుద్దండి టీచర్."

"ఎందుకు పడిందో తెలుసా?"

"ఆయ్, తెలీదండి."

"పోనీ, ఆ కంపెనీ ఏం తయారుచేస్తుంది?"

నేను ఫోన్లో ఆ కంపెనీ పేరు కొట్టి వెతకడం మొదలెట్టాను.

"లోతు తెలీని కాలవలో ఓ కాలు దిగబడితే, రెండోదీ పెడతానంటావేంటే!" అని కళ్ళజోడు జారేదాకా నవ్వారు. తర్వాత మెల్లగా అడిగారు. "క్రిస్మస్‌కి సోలో పాడుతుంటే నీ గొంతు పట్టేసింది కదా. పాట ఆగిందా?"

"లేదండి. అందరూ అందుకున్నారు."

"ఇండెక్స్ ఫండని ఒకటుంది, అదీ అంతే. అందులో పెడితే పెద్ద కంపెనీలన్నిట్లోనూ నీకు కాస్త కాస్త వాటా వస్తుంది. అవన్నీ కలిసి పాడే కోరస్ అన్నమాట. ఒకళ్ళకి దగ్గొచ్చినా పాట సాగుద్ది. ఒకే షేరంటే సోలో. బాగా పాడితే చప్పట్లు. లేకపోతే నీకు తెలుసుగా!"

"అయితే షేర్లు వద్దంటారా?"

"ఎందుకొద్దూ? ఇంటి అవసరానికి కావలసింది బ్యాంకులో ఉంచు. మిగిలినదాంట్లో పదికి ఎనిమిది వంతులు నెలనెలా కోరస్‌లో పెట్టు. రెండు వంతుల్లో నీ తెలివి చూపించుకో. అదీ, ఆ కంపెనీ ఏం చేస్తుందో నాలుగు వాక్యాలు నాకు రాసిచ్చాకే."

రాసిచ్చాను. ఎర్ర సిరాతో దిద్దారు. "లాభం ఎక్కణ్ణించి?" అని అంచులో ఓ ప్రశ్న, మధ్యలో అక్షరదోషాలకి సున్నాలు. ఐదు కంపెనీల గురించి రాస్తే ఒకటే పాసైంది.

మొదట కొన్న షేరు మళ్ళీ లేవలేదు. ఓ ఏడాది ఫండు కూడా తగ్గితే మానేస్తానన్నాను. "గొంతు బాలేదని చర్చి మానేస్తావా?" అన్నారు. మానలేదు. ఆరేళ్ళకి ఆ ఫండు డబ్బుతోనే బి.ఇడి. చదివి, ఇప్పుడు నేనూ లెక్కలే చెబుతున్నాను.

నిన్న చర్చిలో టీచరుగారి జ్ఞాపకార్థం జరిగిన ఆదరణ కూడికకి ఆవిడ భర్త పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చారు. నిండా బిస్కెట్లు.

"ఈ బిస్కెట్ల కంపెనీ షేర్లు మీ టీచరు ఓ పది ఉంచుకుందమ్మా. ఏటా లాభంలో వాటా, అదే డివిడెండు, రాగానే ఈ బిస్కెట్లే కొని వీధిలో పిల్లలకి పంచేది. వచ్చేదానికంటే బిస్కెట్లకయ్యేదే ఎక్కువ. లెక్కల టీచరువి కదా అంటే, 'ఇది లెక్కలోది కాదండీ' అనేది. ఈ ఏటిది వచ్చిందని మొన్న తన ఫోనుకి మెసేజొచ్చింది."

చెబుతూనే ఒక్కో పొట్లం విప్పి మా చేతుల్లో పెట్టారు. పాట మొదలెట్టమని పాస్టరుగారు తల ఊపారు. తెల్లచీరల్లో వరసగా నిలబడ్డ మా అందరి నోళ్ళనిండా బిస్కెట్లే. కాసేపు మేమంతా కరకరా నమిలే చప్పుడే వినిపించింది.