నరసమ్మక్క కెమెరాతో నా ప్రయోగం

2003లో మేము ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. లైబ్రరీ పుస్తకాలు చదివి, కంప్యూటర్‌ను నడిపించే, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్‌ను సొంతంగా నేర్చుకున్నాను. యూఎస్‌బీ వైరుతో తగిలించే పరికరాలను కంప్యూటర్ గుర్తుపట్టేలా రాసిన ‘డ్రైవర్’ అనే కొత్త ప్రోగ్రామ్‌ను పరీక్షించి చెప్పమని దాని తయారీదారులు అందరినీ అడిగితే ఎగిరి గంతేశాను. తీరా చూస్తే మా ఇంట్లో అలాంటి పరికరమే లేదు! పక్కింటి నరసమ్మక్కను బతిమాలి వాళ్ల డిజిటల్ కెమెరా తెప్పించాను. అందులో వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలున్నాయి. ఇంకా ప్రింట్లు వేయించలేదు.

కెమెరా తగిలించగానే తెర మీద ఏవో అక్షరాలు బారులు తీరి, కంప్యూటర్ బిగుసుకుపోయింది. కెమెరా కూడా ఆరిపోయింది. ఎంత నొక్కినా వెలగలేదు.

“ఏటైనాది సెల్లీ? ఫొటోలు పోనాయేటి? మీ బావకి ఏటి సెప్పాల?” అంది అక్క.

గబగబా బ్యాటరీలు తీసి మళ్లీ వేశాను. కెమెరా వెలిగింది. ఫొటోలన్నీ ఉన్నాయి!

తెర మీది అక్షరాలు కాగితం మీద రాసుకుని తయారీదారులకు పంపితే, కొద్ది రోజుల్లో సరిచేసిన డ్రైవర్ వచ్చింది. మళ్లీ కెమెరా అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అక్కే పట్టుకొచ్చింది.

“పెట్టు సెల్లీ. మీ బావ డ్యూటీకెల్లిపోనాడులే.”

ఓణీలో వాళ్లమ్మాయి తెర నిండా నవ్వింది. ఆ డ్రైవర్‌ను తర్వాత ఎక్కడెక్కడో ఎందరో వాడుకుని ఉంటారు. అందరికన్నా ముందు నమ్మింది మాత్రం మా నరసమ్మక్కే.