సారు సంతకం పెట్టేదాకా

మా పాపకు ఇంకా పళ్ళు రాని రోజులు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని దర్శి నుంచి ఒంగోలు బస్సులో వస్తున్నాను. మిర్చి బస్తాల ఘాటుకు అందరం తుమ్ముతున్నాం. పక్క సీట్లో ఒకావిడ, ఐదేళ్ళ కూతురు. పిల్ల తలలో కనకాంబరాలు, బుగ్గన దిష్టి చుక్క.

ఒంగోలు దగ్గర పడగానే ఆవిడ ఆ పూలు తీసేసింది. కొంగు తడిపి దిష్టి చుక్క తుడిచేసింది. నున్నగా దువ్విన జుట్టు చెదరగొట్టింది.

"అయ్యో, ఎందుకండీ?" అన్నాను.

"దీని నాన్న కార్గిల్‌లో పోయారండి. చదువుకి గవర్నమెంటు సాయం ఇస్తామన్నారు. పోయినసారి ఆఫీసులో సారు దీన్ని ఎగాదిగా చూసి, 'తండ్రి లేని పిల్లలా లేదే! సోకులు బానే ఉన్నాయి' అన్నాడు. సంతకం పెట్టలేదు. ఇవాళ కూడా పెట్టకపోతే స్కూలు మాన్పించాల్సిందే."

దేశం కోసం పోయినవాడి బిడ్డ ఏడుపు మొహంతో నిలబడి రుజువు చూపించాలట! ఆ కుర్చీలోవాడికీ పిల్లలుండే ఉంటారు.

"అమ్మా, ఇవాళ నవ్వకూడదు కదా?" అంది పిల్ల.

"సారు సంతకం పెట్టేదాకా వద్దు తల్లీ."

అంతలో మా పాప ఆ పిల్లను చూసి కిలకిలా నవ్వింది. ఆ పిల్ల పెదవులు బిగబట్టి, కిటికీ వైపు తిరిగిపోయింది.